డిసేబిలిటీ అప్పీల్: ఆఫీసుకి గడువే లేదు, జబ్బు మనిషికి 60 రోజులు

అమెరికాలో డిసేబిలిటీ బెనిఫిట్ (జబ్బు వల్ల పని చేయలేనివాళ్ళకి సర్కారు నెలనెలా ఇచ్చే డబ్బు) రిజెక్ట్ అయితే ముందు రీకన్సిడరేషన్ (కేసుని మళ్ళీ చూడమనడం), తర్వాత జడ్జి దగ్గర హియరింగ్, ఆ పైన ఆ ఆఫీసుదే అయిన అప్పీల్స్ కౌన్సిల్, అక్కడా కాదంటేనే ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు. ప్రతి చోటా అప్పీల్ చేయడానికి మనకిచ్చేది 60 రోజులు. మరి ఈ బెనిఫిట్ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ ఆఫీసు వాళ్ళు ఎన్నాళ్ళలో తేల్చాలి అంటే, అలా అందరి కేసులకీ కలిపి కోర్టులు గడువు పెట్టడానికి వీల్లేదని 1984లో సుప్రీంకోర్టే చెప్పేసింది, సో వాళ్ళు నెలలకి నెలలు నాన్చినా అడిగేవాడు లేడు. నా పేచీ అంతా ఇక్కడే.

ఆ 60 కూడా లెటర్ చేతికి అందిన రోజు నుంచి, అయితే తేదీ వేసిన ఐదు రోజులకి అందినట్టే వాళ్ళు లెక్కేస్తారు, లేటుగా వచ్చిందంటే రుజువు మనమే చూపించాలి కాబట్టి కవరు పారేయకండి. కోర్టు దాకా వెళ్తే మాత్రం ఆఖరి రోజున పోస్టులో వేశాం అంటే కుదరదు, కంప్లెయింట్ (దావా పత్రం) ఆ లోపు కోర్టు క్లర్కుకి చేరిపోవాలి. ఫీజు 405 డాలర్లు, కట్టలేకపోతే మాఫీ అప్లికేషన్ దాంతోపాటే పెట్టొచ్చు.

ఈ గడువు రాతి మీద గీత కాదని 1986లో న్యూయార్క్ సిటీ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అక్కడ మానసిక జబ్బులున్నవాళ్ళని బయటికి చెప్పని ఒక లోపలి పాలసీతో రిజెక్ట్ చేశారు, తెలియని మోసం మీద ఎవరైనా టైముకి అప్పీల్ ఎలా చేస్తారు? కానీ ఆ సడలింపు చాలా అరుదు అని కూడా అదే తీర్పులో ఉంది. మామూలు వాళ్ళకి దారి ఏంటంటే అప్పీల్స్ కౌన్సిల్‌కి రాతపూర్వకంగా ఎక్స్‌టెన్షన్ అడగడం, సీరియస్ జబ్బు, ఆఫీసు వాళ్ళే తప్పు చెప్పడం, ఇంగ్లీష్ రాకపోవడం కూడా కారణాలే (పిల్లల దగ్గర ఉంటున్న మన పెద్దవాళ్ళకి పనికొచ్చే పాయింట్).

మాజీ సైనికులకి వాళ్ళ బెనిఫిట్ అప్పీళ్ళు వినే ప్రత్యేక కోర్టుకి వెళ్ళడానికి 120 రోజులుంది. అదీ చాలక, పారనాయిడ్ స్కిజోఫ్రీనియా ఉన్న హెండర్సన్ అనే కొరియా యుద్ధం నాటి సైనికుడు 15 రోజులు లేటయ్యాడని కేసు కొట్టేశారు. 2011లో సుప్రీంకోర్టు అది తప్పంది, అప్పటికే ఆయన పోయాడు. జబ్బే కేసు అయినప్పుడు ఆ జబ్బు వల్ల అయిన ఆలస్యాన్ని విడిగా నిరూపించమనడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాదు.

ఇంకోటి, గడువు పోయింది కదా మళ్ళీ కొత్తగా అప్లై చేద్దాంలే అనుకుంటారు చాలామంది, అది అంత తేలిక కాదు. మన హెచ్ వన్ వాళ్ళ జీతంలో కూడా ఈ డిసేబిలిటీ ఇన్సూరెన్స్ కలిసిన సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం పోతుంది, కానీ పని ఆపేశాక ఆ కవరేజీ మామూలుగా ఐదేళ్ళ దాకానే. ఆ తేదీ దాటితే, దానికి ముందే పని చేయలేని స్థితిలో ఉన్నానని చూపించాలి, ఆ కాలం గురించి పాత రిజెక్షన్ ఫైనల్ అయిపోయి ఉంటుంది కాబట్టి కొత్త అప్లికేషన్‌ని దాదాపు చూడకుండానే పక్కన పెట్టేస్తారు.