దాణా లెక్కతో మొదలైన పాఠం
లీనియర్ ప్రోగ్రామింగ్‌ను, అంటే కొన్ని షరతులకు లోబడి ఖర్చును వీలైనంత తగ్గించే లేదా లాభాన్ని వీలైనంత పెంచే లెక్కను, ఉద్యోగాలతో ముడిపెట్టి చెబితే పన్నెండో తరగతి పిల్లలకు ఆసక్తి పెరుగుతుందని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నిజమే. కానీ లెక్కను 'ఒక పోషకాహార నిపుణుడు' అని మొదలుపెట్టినంత మాత్రాన అది జీవితంలోని లెక్క అయిపోదు. షరతులన్నీ పుస్తకమే వండి వడ్డిస్తే పిల్లలకు మిగిలేది గీతలు గీసి మూలల దగ్గరి విలువలు పోల్చడమే. అసలు పని ఆ షరతులను వెతికి రాసుకోవడంలో ఉంది. నేను లెక్కల మాస్టారిని. కోళ్ల ఫారాలున్న ఊళ్ల పిల్లలు మా తరగతిలో ఎక్కువ. ఒకసారి దాణా లెక్క ఇచ్చాను: మొక్కజొన్నలో మాంసకృత్తులు సుమారు 9 శాతం, ధర ఎక్కువైన సోయా చెక్కలో 45 శాతం, వంద కిలోల దాణాలో కనీసం 18 శాతం ఉండాలి, ఖర్చు తగ్గాలి. 75 కిలోల మొక్కజొన్న, 25 కిలోల సోయా చెక్క అని తేల్చారు. అప్పుడొక అమ్మాయి లేచి, "మా ఫారంలో తవుడు కూడా కలుపుతారు సార్, గుడ్డు పెంకు గట్టిపడాలని సున్నపురాయి పొడి వేస్తారు" అంది. నాలుగు చలరాశులయ్యేసరికి గ్రాఫు కాగితం చాలలేదు! చలరాశులు ఎన్ని ఉన్నా గ్రాఫు లేకుండానే మూల నుంచి మూలకు వెళ్తూ ఉత్తమ జవాబు వెతికే సింప్లెక్స్ పద్ధతి, 1947లో గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ రూపొందించినది, ఎందుకు అవసరమైందో చెప్పడానికి అంతకంటే మంచి అదను నాకు మళ్లీ దొరకలేదు. ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ కథ కూడా ఆ రోజే చెప్పాను. 1945లో ఆయన 77 పదార్థాల నుంచి ఒక మనిషికి కావలసిన పోషకాలు అందించే అతి చవకైన ఆహారం ఏడాదికి 39.93 డాలర్లని అంచనా వేస్తే, తర్వాత సింప్లెక్స్‌తో కచ్చితంగా చేసిన లెక్కకూ దానికీ తేడా 24 సెంట్లే.