లక్నవరం ఎప్పుడు పోవాలో మత్తడిని అడగండి

తొలకరి పడగానే గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇది: ములుగు జిల్లా లక్నవరం సరస్సు మధ్యలో కాకతీయులు 13 దీవులు కట్టారు, అవే మన మాల్దీవులు. చూస్తే వానాకాలంలోనే చూడాలి, ఎండాకాలం పోతే దండగ. పొద్దున వరంగల్‌లో బయలుదేరితే రామప్ప గుడి, లక్నవరం, మేడారం, బొగత జలపాతం ఒక్కరోజులో అయిపోతాయి. మేడారం జాతరప్పుడు పోతే ఇంకా మేలు. రామప్ప గుడి మొత్తం నీళ్లలో తేలే రాళ్లతో కట్టింది. వరుసగా చూద్దాం.

"కాకతీయులు దీవులు కట్టారు."

దీవులు ఎవరూ కట్టలేదు. వాళ్లు కట్టింది కట్ట. 13వ శతాబ్దంలో, గణపతిదేవుడి ఏలుబడిలో, గుట్టల మధ్య ఉన్న ఇరుకు సందులకు అడ్డంగా కట్టలు పోసి నీళ్లు ఆపారు. మిగతా మూడొంతుల పని గుట్టలే చేశాయి. నీళ్లు లోయలోకి ఎక్కిన కొద్దీ లోపలి చిన్న గుట్టలు మునిగి, వాటి నెత్తులు మాత్రం పైన మిగిలాయి. మనం దీవులంటున్నది వాటినే. అందుకే అక్కడ ఇసుక తిన్నెలు ఉండవు, చెట్లూ బండలే ఉంటాయి. 13 అన్న లెక్క కూడా నిండు చెరువుదే; నీళ్లు తగ్గితే ఒడ్డు దగ్గరి గుట్టలు ఒడ్డుకే కలిసిపోతాయి. వేలాడే వంతెనలకూ కాకతీయులకూ సంబంధం లేదు, పర్యాటకం కోసం ఈ మధ్యకాలంలో వేసినవవి. 2024 నవంబరులో తెరిచిన మూడో దీవికి పడవ మీద పోవాలి.

"వానాకాలమే సీజన్."

ఎక్కువమందిని దెబ్బతీసేది ఈ మాటే. లక్నవరం నేటికీ సాగునీటి చెరువు. తూములు ఎత్తితే గోవిందరావుపేట వైపు పొలాలు తడుస్తాయి. అంటే చెరువులో నీళ్లు ఎంతుంటాయన్నది వానతో పాటు యాసంగి నాట్లు కూడా తేలుస్తాయి. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడగానే బండ్లు కట్టుకుని పోయేవాళ్లకు కనిపించేది యాసంగికి వాడేసిన చెరువు. నీళ్లు లోపలికి జరిగి ఉంటాయి, ఒడ్డు వెంట బురద తేలి ఉంటుంది, వాగుల నుంచి వచ్చే కొత్తనీళ్లు ఎర్రగా ఉంటాయి. వాన ముందు, నిండు చెరువు తర్వాత. ఈ రెంటి మధ్య వారాల ఎడం ఉంటుంది.

పూర్తి నీటిమట్టం 33.5 అడుగులు. అది దాటితే మత్తడి, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే అలుగు, దుంకుతుంది. బయలుదేరే ముందు చెరువు దగ్గరి ఊళ్లు చల్వాయిలోనో బుస్సాపూర్‌లోనో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి "ఎన్ని అడుగులున్నయ్, మత్తడి పోస్తుందా" అని అడిగితే చాలు, వాతావరణ యాప్ చెప్పనిది ఆ ఒక్క జవాబు చెబుతుంది. ఇరవైల్లోకి దిగిందంటే నిండు దీవుల ఆశ పెట్టుకోవద్దు.

ఇక భారీ వానల్లో పోవడం సంగతి. 2023 జులై చివరివారంలో, రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అప్పటిదాకా అంత వాన నమోదు కాలేదు. మేడారం దగ్గర పారే జంపన్నవాగు ఊళ్లను ముంచింది. అదే వారం వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార జలపాతానికి పోయిన దాదాపు 80 మంది అడవిలో చిక్కుకుపోతే విపత్తు బలగాలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. పోయేటప్పుడు దాటిన వాగు, వచ్చేసరికి దాటరానిదైంది. ఈ అడవిలో వాగులు మన నెత్తిమీద పడ్డ వానకే పొంగవు. పైన ఎక్కడో గుట్టల మీద పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చి పడతాయి. గాలివాన ఉంటే లక్నవరంలో పడవలూ నడవవు, వంతెన మీద నిలబడి తడవడమే మిగులుతుంది.

నిండు చెరువు, తెరిపి ఆకాశం రెండూ కావాలంటే సెప్టెంబరు చివర నుంచి డిసెంబరు దాకా చూసుకోండి. బతుకమ్మ రోజుల్లో దారి పొడవునా తంగేడు, గునుగు పూసి ఉంటాయి. డిసెంబరులో పొద్దున్నే నీళ్ల మీద మంచు లేస్తుంది. ఫొటోలకు బాగుంటుంది గానీ మొదటి పడవకు తొందరపడి లాభం లేదు, మంచు విడిస్తేనే దీవులు కనబడతాయి.

"ఎండాకాలం దండగ."

చెరువు కోసమే అయితే సగం నిజం. అడవి కోసం అయితే అబద్ధం. ఫిబ్రవరి చివరికి పస్రా, తాడ్వాయి అడవి ఆకు రాల్చి మోదుగు పూలతో ఎర్రబడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే ఇప్పపూలు ఏరుతుంటారు. అవి ఊళ్లోవాళ్ల ఏడాది సంపాదనలో భాగం, వాటిమీదుగా నడవకండి. తర్వాత తునికాకు. అప్పటికి నేలంతా ఎండుటాకే కాబట్టి ఒక్క బీడీ ముక్క చాలు అడవి అంటుకోవడానికి.

ఎండల్లో రామప్పకు పోతే ఏడింటికల్లా గుళ్లో ఉండాలి. గుడి తూర్పుముఖం, పొద్దుటి ఎండ నేరుగా లోపలికి వస్తుంది. పదిన్నర దాటాక చెప్పులు లేకుండా ఆ రాతి మీద ప్రదక్షిణ చేయడం కష్టం. చూరు కింది నల్లరాతి మదనికలు (ఆడవాళ్ల శిల్పాలు) కూడా మధ్యాహ్నం నీడలో మసకబారిపోతాయి. రోహిణి కార్తెలో మాత్రం పిల్లలతో, పెద్దవాళ్లతో పోవద్దు.

"ఒక్కరోజులో నాలుగూ."

హన్మకొండ నుంచి బొగతకు సుమారు 140 కిలోమీటర్లు. రానుపోను 280, ఆరేడు గంటలు బండిలోనే. చేతికి మిగిలేది నాలుగు గంటలు. రోజుకు రామప్ప, లక్నవరం సరిపోతాయి: జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే రామప్ప, వెనక్కి వచ్చి హైవే మీద ముందుకు పోయి చల్వాయి దగ్గర కుడికి తిరిగితే లక్నవరం. బస్సులో పోయేవాళ్లు ఏటూరునాగారం బస్సెక్కి చల్వాయిలో దిగాలి. అక్కడి నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు ఆటో. రానుపోను ముందే మాట్లాడుకోండి, సాయంత్రం చెరువు దగ్గర ఖాళీ ఆటో దొరకదు. బొగతకు వేరే రోజు పెట్టుకోండి, అదీ వరద తగ్గాక.

"జాతరప్పుడు పోతే ఇంకా మేలు."

జాతర సమ్మక్క, సారలమ్మల కోసం. రెండేళ్లకోసారి, మాఘ పున్నమి వేళ నాలుగు రోజులు. గత జాతరల్లో సొంత బండ్లను పస్రా మీదుగా పంపి, తిరుగు ప్రయాణం భూపాలపల్లి వైపు మళ్లించారు. అంటే వచ్చేటప్పుడు లక్నవరం మీ దారిలోనే ఉండదు.

"తేలే రాళ్ల గుడి."

తేలేవి శిఖరానికి వాడిన ఇటుకలు. బరువు తగ్గించడానికి అలా చేశారు. గోడలు ఇసుకరాయి, మదనికలు డోలరైట్ అనే నల్లరాయి. వేస్తే రెండూ మునుగుతాయి.

చివరగా, రామప్పకు ఫోన్‌లో దారి పెట్టుకునేటప్పుడు గుడి ఉన్న ఊరి పేరు "పాలంపేట" అని కొట్టండి. వెంకటాపూర్ అని వెతికితే గోదావరి అవతలి వెంకటాపురం తగలొచ్చు. కాకతీయుల కాలపు కోటగుళ్లకు పోయేవాళ్లు కూడా ములుగు ఘన్‌పూర్ అని చూసుకోండి. స్టేషన్ ఘన్‌పూర్ పూర్తిగా వేరే దిక్కు.