ఐదు చేత వచ్చిన పెళ్లివారు

బై అంటే చేత అని బడిలో నేర్పారు. రావణుడు రాముని చేత చంపబడెను, అంతే, పరీక్షలో మార్కులు పడ్డాయి, ఆ ప్రిపోజిషన్‌తో మన సంబంధం తీరిపోయింది. హైదరాబాద్‌లో బతకడానికి కావలసిన మిగతా బైలు ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి. చైనీస్ హోటల్లో కూర్చోగానే వన్ బై టూ సూప్. ఇంటి నంబర్ అడిగితే ముందు రెండు డాష్‌లు చెప్పి, ఊపిరి పీల్చుకుని, బై ఫోర్ బై బీ బై టూ. (డాష్‌ల దాకా వార్డూ, బ్లాకూ, ఇల్లూ. ఆ తర్వాత వచ్చే ఒక్కో బై వెనకాల చాలాసార్లు ఒక అన్నదమ్ముల పంపకం ఉంటుంది.)

చైతన్యపురిలో మా పిన్ని కూతురి పెళ్లిచూపులు. అబ్బాయిది డాలస్, మెసేజ్ కూడా అక్కడి ఇంగ్లీషులోనే వచ్చింది: 'వీ విల్ కమ్ బై ఫైవ్'.

పెదనాన్న ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు, కాబట్టి ఇంట్లో ఇంగ్లీషుకి ఆయనే సుప్రీంకోర్టు. "లోపల రావాలంటే 'ఆన్ ఆర్ బిఫోర్' అని రాస్తారయ్యా, ఉత్త బై అంటే టంచనుగా ఐదుకే" అని తీర్పు చెప్పేశారు. బామ్మ అసలు టైము సంగతే అనుకోలేదు, బై ఫైవ్ అంటే ఐదుగురికి పంచాలనుకుని ఐదు ప్లేట్లు కడిగి బోర్లించింది. చెల్లి మాత్రం "ఐదింటికల్లా అని పెదనాన్నా, మూడున్నరకి కూడా రావొచ్చు" అంది. పెళ్లిచూపుల రోజు పెళ్లికూతురి మాట వినే ఆచారం మన ఇళ్లలో ఇంకా రాలేదు.

మూడుంబావుకి ఫోన్. ఆ రోజు నల్లా వచ్చే రోజు, బాబాయి లుంగీ ఎగ్గట్టి మోటారు దగ్గర పైపుతో కుస్తీ పడుతున్నారు, పిన్ని మోచేతుల దాకా శనగపిండిలో ఉంది, చెల్లి తలకి హెన్నా పట్టించి పైన ప్లాస్టిక్ కవర్ కట్టుకుంది. నేను బూందీ రుచి చూస్తున్నాను, ఎవరో ఒకరు చూడాలి కదా. అబ్బాయి "అంకుల్, వీ ఆర్ బై ద మెట్రో" అన్నాడు. బై కార్, బై ట్రెయిన్ అని మనం చదువుకున్నదేగా, అంటే మెట్రోలో వస్తున్నారన్నమాట! మియాపూర్‌లో ఎక్కి ఉంటారు, ఇంకా బోలెడు టైముందని బాబాయి మళ్లీ పైపు పట్టుకున్నారు. తమ్ముణ్ణి మాత్రం స్టేషన్‌కి తోలారు. వాడు పైన గేటు దగ్గర నిలబడి ప్రతి రైలుకీ దిగే జనాల్లో పట్టుచీరల కోసం వెతుకుతున్నాడు. పెళ్లివారేమో సరిగ్గా వాడి కాళ్ల కింద, రోడ్డు మీద, పిల్లర్ పక్కన కారాపుకుని ఏసీ వేసుకుని కూర్చున్నారు. చివరికి విసుగెత్తి, ఇంటి నంబర్‌లోని బైలన్నీ దాటుకుంటూ వాళ్లే వచ్చేశారు. లుంగీ, శనగపిండి, ప్లాస్టిక్ కవర్, మూడూ ఒకేసారి దర్శనమయ్యాయి.

వచ్చింది ఏడుగురు. బామ్మ ఇంకో రెండు ప్లేట్లు కడగాల్సొచ్చింది, కానీ అబ్బాయి తండ్రి "షుగరమ్మా, మా ఇద్దరికీ వన్ బై టూ టీ చాలు" అనగానే "నే చెప్పలా, బై అంటే పంచుకోవడమే!" అని వంటింట్లోంచి గట్టిగానే అంది. హెన్నా కడుక్కుని వచ్చిన చెల్లిని వాళ్లు పెద్దగా ఏమీ అడగలేదు. లేచేటప్పుడు మాత్రం అబ్బాయి తల్లి, అప్పటికే ముహూర్తం పెట్టేసినట్టు, "బై మార్చ్ ఉద్యోగం మానేస్తుందిగా" అంది. ఇక్కడ మాత్రం బైకి అర్థం ఏంటని ఎవరూ అడగలేదు.

రాత్రికి మెసేజ్: 'విల్ లెట్ యూ నో బై సండే'. ఆదివారం కూడా లెక్కలోకి వస్తుందా, శనివారంతో సరా? పెదనాన్న నిఘంటువు దించి, కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదవడం మొదలెట్టారు. పక్కన అనే అర్థం, చేత అనే అర్థం, అంతకల్లా అనే అర్థం, ఇన్ని అంగుళాలు తేడా అనే అర్థం. 'బై అండ్ లార్జ్' అసలు తెరచాప ఓడల వాళ్ల మాటట, గాలికి దాదాపు ఎదురుగా నడిపితే బై, వెనక గాలికి వదిలితే లార్జ్. క్రికెట్‌లో బై వేరు. సొసైటీ బైలాలో ఉన్నది ఆ మాటే కాదట, ఊరు అనే అర్థమున్న పాత స్కాండినేవియన్ పదమట. బాబాయి ఆవలిస్తూనే "మరి ఆదివారం సంగతి?" అన్నారు.

ఈలోపు చెల్లి ఆయన ఫోన్ తీసుకుని ఏదో టైప్ చేసి పంపేసింది. పెదనాన్న ఫోన్ లాక్కుని చూశారు. 'బై' అని ఒక్కటే ఉంది.

"ఇదేంటమ్మా, బై తర్వాత టైము వెయ్యలేదు?" అన్నారు.