ఒక్క పేరుతో ముగిసిన జాబితా

ఇండియన్ మాస్టర్స్ గోల్ఫ్ విజేతల జాబితాలో ఉన్నది ఒకే ఒక్క పేరు: 2008, ఎస్.ఎస్.పి. చౌరాసియా. టోర్నీ మొదలైందీ ఆ ఏడాదే, ముగిసిందీ ఆ ఏడాదే.

యూరప్ ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీలను నడిపే యూరోపియన్ టూర్ మన దేశంలో పెట్టిన తొలి టోర్నీ అది. ఫిబ్రవరి 7 నుంచి 10 వరకు ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో జరిగింది. ప్రైజ్‌మనీ 25 లక్షల డాలర్లు. స్పాన్సర్ ఎమ్మార్-ఎంజీఎఫ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ. ఎమ్మార్ పేరు హైదరాబాద్‌వాళ్లకు కొత్త కాదు. బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సు, ఆ భూములపై నడిచిన కేసు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో మైదానం చూసుకునే మాలి. కొడుకు ఆ పచ్చికలోనే తిరుగుతూ, పెద్దవాళ్ల ఆట చూస్తూ గోల్ఫ్ నేర్చుకున్నాడు. ఢిల్లీ కోర్సు ఇరుకు. పక్కనే తుప్పలు. బలంగా బాదేవాడి బంతి అటు పోయిందా, ఇక వెతుక్కోవలసిందే. తిన్నగా కొట్టి, చివర్లో చిప్పింగ్ (గుంట దగ్గరి చిన్న షాట్లు), పుటింగ్ (బంతిని గుంటలోకి దొర్లించడం)తో గట్టెక్కే చౌరాసియాకు అది అచ్చొచ్చిన చోటు. ఐర్లాండ్ ఆటగాడు డేమియన్ మెక్‌గ్రేన్‌ను రెండు స్ట్రోకులు (దెబ్బలు) తక్కువతో వెనక్కి నెట్టాడు. 4 లక్షల 16 వేల డాలర్లకు పైగా చేతికొచ్చాయి. అంతకన్నా విలువైనది, యూరోపియన్ టూర్‌లో ఆడే అర్హత కూడా వచ్చింది.

విచిత్రమేమిటంటే, టోర్నీ నడుస్తుండగానే, ఫిబ్రవరి 8న, ఎమ్మార్-ఎంజీఎఫ్ తన వేల కోట్ల ఐపీఓను (జనానికి తొలిసారి షేర్లు అమ్మే ప్రయత్నాన్ని) వెనక్కి తీసుకుంది. షేర్ మార్కెట్ అప్పటికే జారుతోంది. ఏడాది తిరిగేసరికి మాంద్యం ముంచుకొచ్చింది, 2009 టోర్నీ రద్దయింది. డిఫెండింగ్ చాంపియన్‌గా దిగే అవకాశమే చౌరాసియాకు రాలేదు.

కంపెనీని తిట్టి లాభం లేదు. ఫ్లాట్లు అమ్ముడుపోని రోజుల్లో గోల్ఫ్‌కు కోట్లు ఎవరు పోస్తారు? మా అభ్యంతరమల్లా టోర్నీ మొత్తాన్ని ఒక్క జేబు మీద నిలబెట్టడం గురించే. తర్వాత అవంతా అనే కంపెనీ పేరుతో వచ్చిన అవంతా మాస్టర్స్‌దీ అదే దారి. 2010లో మొదలై 2013తో సరి. రెండో ఏడు అక్కడా చౌరాసియానే గెలిచాడు.

1964లో పుట్టిన ఇండియన్ ఓపెన్ సంగతి వేరు. మధ్యలో జరగని ఏళ్లున్నాయి, ముందు తగిలించే స్పాన్సర్ పేర్లూ మారాయి. అయినా అది ఇండియన్ ఓపెన్‌గానే మిగిలింది, ఎందుకంటే ఆ టోర్నీ మన దేశంలో గోల్ఫ్‌ను నడిపే ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌ది. 2016లో, 2017లో వరసగా దాన్ని గెలిచింది కూడా ఆ మాలి కొడుకే.

కాబట్టి కొత్త టోర్నీ ప్రకటించే ముందే స్పాన్సర్‌తో కనీసం ఐదేళ్ల ఒప్పందం రాయించుకోవాలి. ఒక ఏడాది ప్రైజ్‌మనీకి సరిపడా డిపాజిట్ ముందే కట్టించుకోవాలి. ఇది ఇష్టం లేని కంపెనీ హోర్డింగులు పెట్టుకోవచ్చు, టోర్నీ పేరు మాత్రం దానికి ఇవ్వకూడదు.