పది పాయింట్ల పాండిత్యం

న్యాయవాదుల చదువు పట్టాతో ముగిసిపోకూడదని, వృత్తిలో ఉన్నంతకాలం సాగుతూనే ఉండాలని మొదట తలచినవారు నిస్సందేహంగా దూరదృష్టి కలవారు. చట్టాలు మారుతుంటాయి, కొత్త తీర్పులు వస్తుంటాయి, దంపతులు విడిపోతూనే ఉంటారు. అటువంటప్పుడు ఆస్తి పంపకాన్నీ పిల్లల సంరక్షణనూ కోర్టులో వాదించే పెద్దమనిషి ఎప్పుడో చదివినదానితోనే కాలక్షేపం చేస్తే కక్షిదారుల గతి ఏమిటి? అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఈ బెంగతోనే 1975లో నిరంతర న్యాయవిద్యను తప్పనిసరి చేసింది. తరువాత అనేక రాష్ట్రాలు, దేశాలు అదే దారి పట్టాయి. జ్ఞానాన్ని కొలవడం కష్టం గనుక, జ్ఞానం చెప్పే గదిలో ఎంతసేపు కూర్చున్నారన్నది కొలిస్తే చాలునన్న గొప్ప సూత్రం అలా స్థిరపడింది.

ఈ సూత్రం పండి ఫలించిన చోటు ఆస్ట్రేలియా. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా వంటి రాష్ట్రాలలో సొలిసిటర్, అంటే కక్షిదారుల పని చూసే న్యాయవాది, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపల 10 పాయింట్లు సంపాదించాలి. స్థూలంగా గంటకు ఒక పాయింటు. అందులో వృత్తి నీతికి ఒకటి, కార్యాలయ నిర్వహణకు ఒకటి, వృత్తి నైపుణ్యానికి ఒకటి, అసలు చట్టానికి ఒకటి తప్పక ఉండాలి. మిగిలిన ఆరూ వారి అభిరుచిని బట్టి. ఏడాదికి ఒక గంట నీతి సరిపోతుందని నిర్ణయించినవారి లెక్కను నేను తప్పుపట్టను. అంతకంటే ఎక్కువైతే వృత్తికి ఇబ్బంది కలగవచ్చునని వారు ఆలోచించే ఉంటారు. మార్చి నెలాఖరులో విద్యాదాహం హఠాత్తుగా పెరగడాన్ని కొందరు వెక్కిరిస్తారు గాని, గడువు లేని జ్ఞానాన్ని ఎవరైనా ఎప్పుడైనా సంపాదించారా?

ఇంగ్లండు, వేల్స్ ఈ విషయంలో తొందరపడ్డాయని నా అభిప్రాయం. అక్కడి సొలిసిటర్ల నియంత్రణ సంస్థ ఏటా 16 గంటల నిబంధనను 2016 నవంబరులో ఎత్తివేసి, తనలో ఏ లోపం ఉందో ఎవరికి వారే ఆలోచించుకుని దానికి తగినట్టు నేర్చుకోమంది. రోజంతా ఎదుటి పక్షం లోపాలు వెతకడమే జీవనోపాధిగా గలవారిని సాయంత్రం ఇంటికి వెళ్లి సొంత లోపాలు వెతుక్కోమనడం క్రూరత్వం కాదా?

ఇక ఈ పాయింట్లు ఇచ్చే సదస్సులో ఏమి చెబుతారన్నది చూద్దాం. ఆస్తి పంపకం మీద ప్రసంగమంటే హాలు నిండుతుంది. నిండదా మరి! ఆస్తికి విలువ కట్టవచ్చు, పట్టిక వేయవచ్చు, వాదించవచ్చు, అప్పీలుకు వెళ్లవచ్చు. ఆస్తులేమిటి, అప్పులేమిటి, ఎవరు ఎంత తెచ్చారు, ఎవరు ఎంత కష్టపడ్డారు, ముందుముందు ఎవరికెంత అవసరం, చివరకు ఇది న్యాయమేనా అని ఆస్ట్రేలియా న్యాయవాదులు ఏళ్లతరబడి మెట్ల వరుసగా లెక్క వేస్తూ వచ్చారు. 2012లో స్టాన్‌ఫర్డ్ కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ఒక మాట అన్నది: అసలు ఉన్న హక్కులను మార్చడం న్యాయమా కాదా అన్నది ముందు తేలాలి, పంచడానికి ఎలాగూ వచ్చారు కదా అని పంచకూడదు. ఆ ఒక్క మాట ఎన్ని సదస్సులకు అన్నం పెట్టిందో చెప్పలేము. అక్కడి కుటుంబ చట్టానికి 2025 జూన్ 10 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఈ పద్ధతినంతా చట్టంలోకే ఎక్కించి, గృహహింస ఆర్థికంగా చేసిన నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంది. దానితో పాత స్లైడ్లన్నీ పనికిరాకుండా పోయాయి. ప్రసంగకర్తలు మాత్రం ఏమీ నిరుత్సాహపడలేదు.

ఆ సవరణలోనే పెంపుడు జంతువుల ప్రస్తావన ఉన్నది. కుక్కనో పిల్లినో ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు దానిని ఎవరు సాకారు, దాని మీద ఎవరికి, ముఖ్యంగా పిల్లలకు, మమకారం ఉన్నది, దానిని ఎవరైనా హింసించారా అన్నవి కోర్టు చూడాలి. దానిని ఒకరికి ఇవ్వవచ్చు, ఒప్పుకున్న మూడో మనిషికి ఇవ్వవచ్చు, అమ్మించవచ్చు. ఇద్దరికీ ఉమ్మడిగా మాత్రం కోర్టు ఇవ్వదు. ఇంత స్పష్టమైన చట్టం నేను అరుదుగా చూశాను. వారం ఇక్కడ, వారం అక్కడ, సెలవులు సగం సగం అంటూ కోర్టు ఆజ్ఞతో తిప్పే బాధ కుక్కకు తప్పింది. ఆ ఏర్పాటును తట్టుకోగల ప్రాణి పిల్లవాడొక్కడేనని చట్టసభవారు గుర్తించినట్టున్నారు.

పిల్లల పెంపకం మీద ప్రసంగం సాధారణంగా చివరి గంటలో ఉంటుంది. అప్పటికి సగంమందికి పాయింట్లు పూర్తయి ఉంటాయి, మిగతావారికి ఆకలి మొదలై ఉంటుంది. ఈ అంశానికి గల చరిత్ర తక్కువది కాదు. 2006 సవరణ తల్లిదండ్రులిద్దరికీ సమానమైన ఉమ్మడి బాధ్యత ఉంటుందన్న భావనతో మొదలుపెట్టమని కోర్టులకు చెప్పింది. బాధ్యత సమానమంటే కాలం కూడా సగం సగమేనని తల్లిదండ్రులు అనుకున్నారు. అలా కాదని వివరించడానికి న్యాయవాదులు, అలా కాదని ఎలా వివరించాలో న్యాయవాదులకు చెప్పడానికి ప్రసంగకర్తలు దాదాపు 18 ఏళ్లు శ్రమించారు. చివరకు 2024 మే 6న ఆ భావనను చట్టం నుంచే తీసేశారు. ఇప్పుడు లేనిదానిని ఎందుకు తీసేశారో వివరించే ప్రసంగాలు నడుస్తున్నాయి. ఉన్నంతకాలం పాయింటు ఇచ్చి, పోయాక కూడా పాయింటు ఇవ్వగల నిబంధనలు ఎన్ని ఉంటాయి?

అయితే ఆ గంటలో శ్రోతలు కలం తీసేది మాత్రం రాత్రుల లెక్క వచ్చినప్పుడే. పిల్లల పోషణ మొత్తాన్ని నిర్ణయించే అక్కడి సూత్రంలో, ఏడాదికి 52 రాత్రుల కంటే తక్కువ పిల్లవాడిని తనదగ్గర ఉంచుకున్నవారికి సంరక్షణ ఖర్చు కింద జమ అయ్యేది సున్నా. 52వ రాత్రి నిద్రపోగానే అది పిల్లవాడి ఖర్చులో 24 శాతం అవుతుంది. అక్కడి నుంచి 127వ రాత్రి వరకు ఎంత ప్రేమ కురిపించినా ఆ అంకె కదలదు. 128వ రాత్రి నుంచి మళ్లీ పెరగడం మొదలవుతుంది. మనసు ఒప్పుకోని తండ్రికైనా తల్లికైనా 51వ రాత్రి దాటించే ఆత్మబలం ఈ అంకె ఇచ్చినంతగా ఏ ధర్మబోధా ఇవ్వలేదని నేను నమ్ముతాను. జ్వరం వచ్చిన రాత్రికీ, హాయిగా నిద్రపోయిన రాత్రికీ సూత్రంలో తేడా లేకపోవడం కూడా దాని నిష్పక్షపాతానికి నిదర్శనమే. ఇక్కడికి వచ్చేసరికి పెంపకం మీది ప్రసంగం ఆస్తి మీది ప్రసంగంలాగే చక్కగా పట్టికలో ఇమిడిపోతుంది. కునికిపాట్లు పడుతున్నవారు నిటారుగా కూర్చుంటారు.

పిల్లవాడి మాట వినడం గురించి కూడా ఒక స్లైడు ఉంటుంది. తనకు సంబంధించిన వ్యవహారాలలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉన్నదని, వారి వయసును, పరిణతిని బట్టి దానికి విలువనివ్వాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం 1989లోనే చెప్పింది. ఆస్ట్రేలియా కోర్టులు అవసరమైన కేసులలో పిల్లల పక్షాన ఒక స్వతంత్ర న్యాయవాదిని నియమిస్తాయి. ఆ న్యాయవాది పిల్లవాడిని స్వయంగా కలిసి, అతడేమంటాడో చెప్పే అవకాశం ఇవ్వాలన్న విధి మాత్రం చట్టంలో చేరింది 2024 మే 6 నుంచే. ఐదేళ్లలోపు పిల్లలకు, కలవడానికి ఇష్టపడనివారికి, మరికొన్ని అసాధారణ పరిస్థితులకు మినహాయింపు ఉన్నది. అంతకుముందు ఎందరో న్యాయవాదులు చట్టం చెప్పకపోయినా వెళ్లి కలిశారన్నది నిజమే. కాని వృత్తి ఔచిత్యం తెలిసినవారు, కక్షిదారుడిని చూడకుండా కక్షిదారుడి మేలు తెలుసుకోవడమే ఉన్నత నైపుణ్యమని గ్రహించి ఉంటారు.

ఈ విద్య మరింత వర్ధిల్లడానికి ఒక చిన్న ప్రతిపాదన చేస్తున్నాను. పెంపకం మీది గంటను ఉదయం మొదటి గంటకు మార్చి, ఇద్దరు తల్లిదండ్రుల ఇళ్ల మధ్య పెరిగి పెద్దవాడైన మనిషిని పిలిచి, ఎవరూ ప్రశ్నలతో అడ్డుపడకుండా అతడి చేత మాట్లాడించాలి. దీనికి అభ్యంతరాలు వస్తాయని తెలుసు. అతడికి న్యాయశాస్త్ర పట్టా ఉండకపోవచ్చు, స్లైడ్లు తేకపోవచ్చు, తాను ఎన్ని రాత్రులు ఎక్కడ పడుకున్నాడో లెక్క చెప్పలేకపోవచ్చు. ఆ గంట నాలుగు విభాగాలలో దేనికిందికి వస్తుందన్నది అన్నింటికంటే పెద్ద చిక్కు. అసలు చట్టం కాదు, నైపుణ్యం అనడం కష్టం, నిర్వహణకు అసలే పొసగదు. నీతి కిందికి తోయవచ్చుననుకుంటే, ఆ ఒక్క పాయింటూ చాలామందికి అప్పటికే వచ్చి ఉంటుంది.