గందరగోళం కాదు, గట్టి లెక్క

1961లో 'డౌన్‌బీట్' అనే అమెరికన్ జాజ్ పత్రికలో ఒక విమర్శకుడు జాన్ కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీ అనే ఇద్దరు జాజ్ విద్వాంసులు వాయించే తీరుని జాజ్‌కే వ్యతిరేకమైనదని కొట్టిపారేశాడు. మూడేళ్లు తిరక్కుండానే డాల్ఫీ 'ఔట్ టు లంచ్' ఆల్బమ్ రికార్డు చేశాడు. దాన్ని నేటికీ 'పిచ్చి సంగీతం' ఖాతాలో వేసేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో అందులో వినబడేది పిచ్చి కాదు, కచ్చితమైన లెక్క.

మొదటి ట్రాక్ 'హ్యాట్ అండ్ బియర్డ్' తీసుకోండి. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్‌కి నివాళి అది. బేస్ (మంద్రంగా పలికే పెద్ద తీగ వాయిద్యం) మీద తిరిగి తిరిగి వచ్చే వరసకి తొమ్మిది మాత్రలు. మృదంగం వినే అలవాటున్న మన చెవికి ఇది కొత్తేమీ కాదు. 'తకధిమి తకతకిట' అని వేలు మీద లెక్కపెడితే సరిగ్గా కూర్చుంటుంది. డ్రమ్స్ మీద ఉన్న టోనీ విలియమ్స్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్లే. తాళాన్ని అదేపనిగా కొట్టి చూపించడు, మనం పట్టుకున్నామనుకునేలోపు పక్కకి లాగేస్తాడు.

అసలు తెగింపు పియానోని తీసేయడంలో ఉందంటాను. ఆ చోట బాబీ హచర్సన్ వాయించే వైబ్రాఫోన్ ఉంది, లోహపు పలకల మీద పుల్లలతో కొట్టి వాయించేది. పియానో అయితే స్వరాల కింద మెత్తటి పరుపు పరిచేది. హచర్సన్ అక్కడో దెబ్బ, ఇక్కడో దెబ్బ వేసి ఊరుకుంటాడు. ఆ ఖాళీల్లో డాల్ఫీ బేస్ క్లారినెట్, అంటే మంద్రస్థాయి క్లారినెట్, బొంగురుగా మొదలై ఒక్కసారిగా కీచుమంటుంది. ఆర్కెస్ట్రాలో ఓ మూల ఉండే ఆ వాయిద్యాన్ని జాజ్‌లో సోలోకి నిలబెట్టినవాళ్లలో అతనే ముఖ్యుడు. అదే చేత్తో ఫ్లూట్, ఆల్టో శాక్సోఫోన్ కూడా ఈ ఆల్బమ్‌లోనే వాయించాడు.

చివరి ట్రాక్ 'స్ట్రెయిట్ అప్ అండ్ డౌన్' మాత్రం నాకు కాస్త సాగదీసినట్టే ఉంటుంది. తాగినవాడి నడకని పట్టుకోవాలన్న సరదా త్వరగానే తేలిపోతుంది.

1964 ఫిబ్రవరి 25న న్యూజెర్సీలోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీ కోసం ఇదంతా రికార్డయింది. కొత్తగా ఏదైనా చేస్తే అమెరికాలో చిన్నచూపు చూస్తారని, యూరప్‌లో ఉండిపోదామని డాల్ఫీ అనుకున్నాడు. జూన్ 29న బెర్లిన్‌లో షుగర్ జబ్బుతో చనిపోయాడు. 36 ఏళ్లు. ఆల్బమ్ బయటికొచ్చింది ఆ తర్వాతే.

మొదటిసారి వినేవాళ్లు రెండో ట్రాక్‌తో మొదలుపెడితే మంచిది. అందులో రిచర్డ్ డేవిస్ బేస్‌ని కమానుతో వాయిస్తుంటే బేస్ క్లారినెట్ పక్కనే నడుస్తుంది. ఆ రెండు గొంతులూ చెవికెక్కాక మొదటి ట్రాక్‌కి వెళ్లండి, తొమ్మిది లెక్కపెట్టుకుంటూ.