వినబడకుండా వాయించుట ఎట్లు?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ, పగలంతా ఆఫీసులో మేనేజరుకు తల ఊపే మన తెలుగు కుర్రవాళ్లు నలుగురు బ్లాక్ మెటల్ (నరకం, పిశాచాలు అంటూ అరిచే కరకు రాక్ సంగీతం) బృందం కట్టి, నాలుగు పాటల తొలి రికార్డింగును క్యాసెట్టుగా విడుదల చేశారు. ప్రతులు 66. అరవై ఏడో శ్రోత దొరికితే కళ భ్రష్టమవుతుందని వారి భయం. క్యాసెట్టు ప్లేయరు మాత్రం నలుగురిలో ఎవరి దగ్గరా లేదు.

రేకుల షెడ్డు మీద వడగళ్లు పడుతుండగా లోపల ఎవరో మిక్సీలో ఎండుకొబ్బరి వేసినట్లుంటుంది ఆ ధ్వని. ఇది లోపం కాదట, సిద్ధాంతమట. ఇందిరానగర్‌లో స్టూడియోకు గంటకింత అని అద్దె కట్టి, మంచి మైకుల ముందు శుభ్రంగా రికార్డు చేసి, ఆపైన పాత టేపు బుసను తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను వేరుగా డబ్బు పోసి కొని, ఉన్న శుభ్రతనంతా పోగొట్టారు.

ఈ సంగీతానికి పేరుపడ్డ దేశం నార్వే గనుక ముఖచిత్రానికి అక్కడి అడవి కావలసివచ్చి, బెంగళూరు దగ్గరి నంది కొండ ఎక్కారు. తెల్లవారుజామున ముఖాలకు తెల్లరంగు, కళ్ల చుట్టూ నలుపు, మోచేతుల దాకా మేకుల పట్టీలతో పొగమంచులో నిలబడగా, హిందూపురం నుంచి వ్యానులో వచ్చిన కుటుంబమొకటి చుట్టుముట్టింది. “ఏం నాయనా, ఏ నాటకం మీది? యముడు యాడ?” అని పెద్దావిడ అడిగింది. గాయకుడు నరకాధిపతిని ఆవాహన చేసే భంగిమలో ఉన్నందున బదులివ్వలేదు. ఆమె మనవడు పక్కన నిలబడి ఫొటో దిగాడు, తరువాత మనవరాలు, ఆ తరువాత వ్యాను డ్రైవరు. ఇంతలో కోతి ఒకటి దిగి, ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ మేకపుర్రెను ఎత్తుకుపోయి, కొరికి చూసి, రుచించక లోయలోకి విసిరింది. పెద్దావిడ జాలిపడి చిత్రాన్నం పెట్టింది. దైవాన్ని ధిక్కరించిన నలుగురూ ఆమె చెప్పినట్లు గోవిందా అని తిన్నారు. మంచు దట్టమై చిత్రంలో బూడిదరంగు తప్ప ఏమీ పడలేదు గనుక, సిద్ధాంతానికి అనుకూలమని దానినే ఖాయం చేశారు.

అడిగితే చరిత్ర వల్లిస్తారు. నార్వే బృందం మేహెమ్ 1987లో తొలి ఈపీని, అంటే ఆల్బమ్ కన్నా చిన్న రికార్డును, వెయ్యి ప్రతులే వేసిందట. వేసింది. స్వీడన్‌కు చెందిన బాథరీ 1984లో తొలి ఆల్బమ్‌ను గ్యారేజీలో అమర్చిన చిన్న స్టూడియోలో చేసింది, అంతకు మించి స్తోమత లేక. నార్వేదే మరో బృందం డార్క్‌థ్రోన్ 1994లో నాలుగు ట్రాకుల యంత్రం మీద కావాలనే ముతకగా రికార్డు చేసింది, నిజమే. కానీ అందులోనూ డ్రమ్ము వినబడుతుంది.

వీళ్ల డ్రమ్మరు వాయించినది వినబడదు. పీజీ ఓనరు గోల చేస్తుందని ఆ కుర్రవాడు దిండ్ల మీదా రబ్బరు ప్యాడు మీదా ఏళ్లతరబడి సాధన చేశాడు. నిమిషానికి 220 లయలో, ఒక్కో లయకు నాలుగేసి దెబ్బలుగా, రెండు కాళ్లతో పెడళ్లు తొక్కితే సెకనుకు దాదాపు 15 దెబ్బలు పడాలి. అవి ఎగుడుదిగుడు లేకుండా పడేందుకు పిక్కలు పట్టేసి, మెట్లు దిగలేక గోడ పట్టుకుని ఆఫీసుకు పోయేవాడు. ఆ శ్రమనంతా కొనుక్కొచ్చిన బుస కింద పాతిపెట్టి, అట్ట మీద అతని పేరుకు బదులు ఏదో పిశాచం పేరు అచ్చువేసి, దాన్ని నిజాయితీ అంటారా? సిగ్గులేదూ? ముగ్గురికి గిటారు శ్రుతి చేసుకోవడం రాకపోవడాన్ని కప్పిపుచ్చడానికి వాయించడం వచ్చిన ఒక్కడి నోరు నొక్కారు, అంతే సంగతి.

శుభ్రమైన ట్రాకులు స్టూడియో కంప్యూటరులో ఇంకా ఉన్నాయట. చెరిపేసేలోగా డ్రమ్ములవి విడిగా తీసి, ఒక పెన్‌డ్రైవులో వేసి ఆ కుర్రవాడి చేతికివ్వండి. ఇంకో బృందం వాళ్లకు వినిపించుకోవడానికైనా పనికొస్తాయి.